చంకన బిడ్డతో గుడికి

గుడికి వెళ్ళొస్తానంటే మన ఇళ్ళల్లో ఆడదాన్ని ఎవరూ కాదనరు. సినిమాకు వెళ్తానంటే తోడెవరని అడుగుతారు. స్నేహితురాలింటికంటే పనేమిటని అడుగుతారు. ఊరికే సముద్రం చూసొస్తానంటే మతిపోయిందా అంటారు. గుడి అనగానే అడ్డు తొలగిపోతుంది. అందుకే మన స్త్రీలలో చాలామందికి గుడికి వెళ్ళడంలో భక్తి ఎంత ఉందో, గడప దాటడం కూడా అంతే ఉంది. బస్సెక్కి, నాలుగు కొత్త ముఖాలు చూసి, ఒకపూట పొయ్యి దగ్గర నిలబడకుండా గడిపి రావడానికి సమాజం పెద్దగా గొణక్కుండా ఒప్పుకునే దారి అదొక్కటే. ఈ సంగతి పట్టించుకోకుండా ఆడవాళ్ళకి భక్తి ఎక్కువని తేల్చేసే సామాజిక శాస్త్రం ఒకటుంది. ఆడవాళ్ళకి మూఢనమ్మకాలెక్కువని కొట్టిపారేసే అభ్యుదయం ఇంకొకటుంది. గుడికి ఎందుకు వెళ్తున్నావని ఆ రెండూ ఆమెను అడగవు.

బిడ్డ పుట్టగానే ఈ ఒక్క దారీ కొన్నాళ్ళు మూసుకుపోతుంది. పురుడు, మైల, ఎండ, గాలి, దిష్టి అంటూ నెలల తరబడి ఆమెను గదికి కట్టేస్తారు. బాలింతకు విశ్రాంతి కావాలి, నిజమే. కానీ ఆ గదిలో ఆమెకు దొరికేది విశ్రాంతేనా అన్నది వేరే ప్రశ్న. తర్వాత ఒకరోజు అన్నప్రాశన అనో, పుట్టు వెంట్రుకలనో, మొక్కు తీర్చుకోవాలనో మళ్ళీ గుడి పేరుతోనే తలుపు తెరుచుకుంటుంది. అంటే ప్రసవం తర్వాత మన స్త్రీ బహిరంగ ప్రదేశంలో కాలుపెట్టే మొదటి సందర్భాలలో గుడి ప్రయాణం ఒకటి. చంకలో పాలుతాగే బిడ్డతో ఆమె అక్కడికి వెళ్తుంది. ఆ ప్రదేశంలో ఆమెకు చోటుందా? కూర్చోడానికి, బిడ్డకు పాలివ్వడానికి, గుడ్డలు మార్చడానికి, తాను మరుగుదొడ్డికి వెళ్ళడానికి? ఈ ప్రశ్న చాలా చిన్నదని అనుకునేవాళ్ళున్నారు. అత్యాచారాలు, వరకట్న హత్యలు, కూలిరేట్లు ఉండగా విహారయాత్రల గురించి మాట్లాడుకోవాలా అని ఒక సమావేశంలో ఒక మిత్రుడు అడిగాడు కూడా. మాట్లాడుకోవాలి. ఎందుకో చెప్పడానికి స్టూవర్టుపురాన్ని మించిన ఊరు నాకు కనిపించలేదు.

బాపట్లకు పట్టుమని పది కిలోమీటర్లు లేని ఈ ఊరు ఎలా పుట్టిందో మనలో చాలామందికి తెలుసు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి విస్తరించింది. ఉప్పు, ధాన్యం గాడిదలమీద వేసుకుని తీరం నుంచి మెట్టప్రాంతాలకు తిరుగుతూ వ్యాపారం చేసుకున్న ఎరుకల వాళ్ళను రైలుమార్గాలు, ఉప్పు మీద ప్రభుత్వ విధానాలు అప్పటికే దెబ్బతీశాయి. తిరగడమే బతుకైనవాళ్ళకు తిరగడమే నేరమైంది. 1913లో రక్షణ సైన్యం, అంటే సాల్వేషన్ ఆర్మీ, ప్రభుత్వ సాయంతో ఇక్కడ సెటిల్మెంటు పెట్టింది. మద్రాసు ప్రభుత్వంలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు ఊరికి పెట్టారు. వేలిముద్రలు, హాజరు పిలుపులు, బయటికి వెళ్ళాలంటే పాసు. పాసు లేకుండా సెటిల్మెంటు దాటితే అదే నేరం. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికిచ్చింది. సెటిల్మెంటు మనుషులు చీరాల పొగాకు కంపెనీకి చౌక కూలీలుగా ఎలా ఉపయోగపడ్డారో మీనా రాధాకృష్ణ తన 2001 నాటి పుస్తకంలో వివరంగా రాశారు. మద్రాసు రాష్ట్రంలో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31తోనూ ఆ చట్టం పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి.

ఈ చరిత్రను మనం ఎక్కువగా మగవాళ్ళ చరిత్రగానే చదువుకున్నాం. పోలీసులు, దొంగలు, జైళ్ళు, లొంగుబాట్లు. 1991లో ఒకే ఏడాది ఈ ఊరి పేరుతో రెండు సినిమాలు వచ్చాయి. 2023లో ఈ ఊరి కథతో ఇంకొకటి వచ్చింది. వాటిలో ఆడవాళ్ళు ఎక్కువగా ఏడవడానికో ఆడడానికో ఉంటారు. 1970లలో ఈ ఊళ్ళో సంస్కరణ పని మొదలుపెట్టిన హేమలతా లవణం, లవణం గార్ల కృషి మీద మాత్రం సినిమా వాళ్ళకు పెద్దగా ఆసక్తి కలగలేదు. పాసు వ్యవస్థ ఆడదానికి ఏం చేసిందో ఆలోచించండి. పుట్టింటికి వెళ్ళాలన్నా, జాతరకు వెళ్ళాలన్నా, బిడ్డకు మొక్కు తీర్చాలన్నా ఇంట్లో మగవాడి అనుమతి ఒకటి, అధికారి అనుమతి మరొకటి. రెండు తాళాలు. మొదటి తాళం మనందరికీ తెలిసినదే. రెండోది ఆమెకు మాత్రమే ఉంది.

దీనిలో ఉన్న విచిత్రం ఒకటి చెప్పాలి. శ్రీనివాస కల్యాణం కథ తెలియని తెలుగువాళ్ళు లేరు. పద్మావతి తల్లిని ఒప్పించడానికి స్వామి ఎరుకలసాని వేషం కట్టి ఆకాశరాజు అంతఃపురానికి వెళ్తాడు. చంకలో పసిబిడ్డగా బ్రహ్మదేవుణ్ణే పెట్టుకున్నాడని కథ. రాణిగారు ఎరుకలసానిని పిలిచి, కూర్చోబెట్టి, సోది చెప్పించుకుంటుంది. యక్షగానాల్లోనూ, కూచిపూడి భాగవతుల ప్రదర్శనల్లోనూ ఎరుక చెప్పే ఘట్టమంటే జనం విరగబడి చూస్తారు. వేదికమీద బిడ్డను చంకనేసుకుని ఎరుకలసాని ఎంత స్వేచ్ఛగా నడుస్తుందో! వేదిక దిగితే ఆమెకు పాసు కావాలి. అసలు ఎరుకలసాని గుడి ముందు కూర్చుని సోది చెప్పుకోవచ్చు గాని, లోపలికి వెళ్ళి నలుగురితో సమానంగా నిలబడడం ఎంత కష్టమో ముసలమ్మలు చెప్తారు. మద్రాసు ప్రభుత్వం ఆలయ ప్రవేశ చట్టాన్ని పూర్తిస్థాయిలో తెచ్చింది 1947లో. పాసు పోయిందీ, గుడి తలుపు కాగితం మీద తెరుచుకుందీ ఒక్క సంవత్సరంలోనే.

ఇప్పుడు వర్తమానానికి వద్దాం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు మొదలుకొని ఎక్స్‌ప్రెస్ దాకా ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితమైంది. ఉచితాలతో ఆడవాళ్ళు ఊరికే తిరుగుతున్నారని వెక్కిరింతలూ వచ్చాయి. ఊరికే తిరగడం ఒక నేరమని చట్టం చేసిన నేల మీద నిలబడి ఈ వెక్కిరింత వినాలి. ఆ ఏడాది కార్తీకం చివర్లో స్టూవర్టుపురానికి చెందిన ఒక కుటుంబంతో కలిసి బాపట్ల, పొన్నూరు, చేబ్రోలు ఆలయాలకు వెళ్ళే అవకాశం నాకు కలిగింది. డిగ్రీ చదివిన కోడలు, ఎనిమిది నెలల ఆడపిల్ల, భర్త, అత్తగారు, ఆడపడుచు. అత్తగారు ఆదివారం చర్చి మానరు. అయినా మనవరాలికి జ్వరం తగ్గితే పొన్నూరు ఆంజనేయుడికి ఆకుపూజ చేయిస్తానని మొక్కుకున్నారు. ఇందులో వైరుధ్యం మనలాంటి చదువుకున్నవాళ్ళకు కనిపిస్తుంది గాని ఆమెకు కనిపించదు.

మూడు ఊళ్ళూ ఒకే రోడ్డు మీద ఉంటాయి. చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది గొప్ప ప్రయాణం. బాపట్ల అనే పేరే భావపురి నుంచి వచ్చిందంటారు. అక్కడి దేవుడు క్షీర భావనారాయణుడు, పాలు పేరులోనే పెట్టుకున్నవాడు. పొన్నూరులో ఉన్నది సాక్షి భావనారాయణుడు. యాత్రలో తోడుండి సేవచేసినవాడికి కూతుర్నిస్తానని ఒక పెద్దమనిషి మాటిచ్చి తప్పితే, దేవుడే వచ్చి సాక్ష్యం చెప్పాడన్నది స్థలపురాణం. ఇద్దరు మగవాళ్ళ ఒప్పందానికి దేవుడు సాక్షి. ఆ పిల్లను ఎవరైనా అడిగారా అని కోడలు నవ్వుతూ అంటే, అత్తగారు కూడా ఆపుకోలేక నవ్వారు.

కుటుంబ విహారం అంటాం. ఎవరి విహారం? కోడలు తెల్లవారుజామున నాలుగింటికి లేచింది. పులిహోర, పెరుగన్నం కలిపింది. బిడ్డకు ఉగ్గుపొడి, ఫ్లాస్కులో వేడినీళ్ళు, పది గుడ్డలు, దుప్పటి, చెంచా, మందుసీసా సర్దింది. భర్త స్నానం చేసి చొక్కా తొడుక్కుని, "ఇంకా కాలేదా?" అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. బస్సులో బిడ్డను ఎత్తుకున్నాడు, కిటికీలోంచి గేదెల్ని చూపించాడు, ఫోటోలు తీశాడు. బిడ్డ ఏడవగానే తల్లి చేతికి ఇచ్చాడు. నవ్వే బిడ్డ ఇద్దరిదీ, ఏడ్చే బిడ్డ తల్లిది. ఇంట్లో ఉన్న శ్రమ విభజన గుడి ప్రయాణంలో ఒక్క ఇసుమంత కూడా మారలేదు. పైగా ఇంట్లో ఉన్న ఊయల, నీళ్ళు, తలుపు చాటు ఇక్కడ లేవు కాబట్టి పని పెరిగింది. ఆమె దారిపొడుగునా నీళ్ళు తాగలేదు. ఎందుకమ్మా అంటే, "మళ్ళీ ఎక్కడికెళ్ళాలక్కా?" అంది. పాలిచ్చే తల్లి మామూలు కంటే ఎక్కువ నీళ్ళు తాగాలని అంగన్‌వాడీలో మనమే చెప్తాం. మరుగుదొడ్డి లేనిచోట ఆ సలహాకు విలువెంత?

ఇంకొక సంగతి. ఉచిత టిక్కెట్టుకు గుర్తింపు కార్డు చూపించాలి. ఆమె ఆధార్ కార్డు ముందువైపు మాత్రమే చూపించి చప్పున పర్సులో పెట్టేసుకుంది. వెనకవైపు చిరునామాలో ఊరి పేరుంటుంది. కండక్టరు ఏమీ అనలేదు, అడగనూ లేదు. అయినా ఆ చెయ్యి అలవాటు కొద్దీ అలా తిరిగింది. తన పుట్టుకకు ఎన్నో ఏళ్ళముందు రద్దయిన చట్టం ఆ చేతిలో ఇంకా ఉంది. గుంపులో ఎవరిదైనా గొలుసు పోతే ముందు ఏ ఊరివాళ్ళని చూస్తారో తనకు తెలుసునని తర్వాత చెప్పింది. "బిడ్డనెత్తుకుని ఉంటే కాస్త నయం, మనుషుల్లాగ చూస్తారు" అని కూడా అంది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజు చూసిన గుళ్ళలో ఒకదానిలో (ఏదో చెప్పను, అన్నిచోట్లా ఇదే జరుగుతుంది) బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. కోడలు మండపం చివర ఒక స్తంభం చాటున కూర్చుని చున్నీ కప్పుకుని పాలివ్వబోయింది. అక్కడ క్యూ చూసే మనిషి వచ్చి, "లోపల పాలివ్వకూడదమ్మా, బయటికెళ్ళి ఇచ్చుకోండి" అన్నాడు. బయట అంటే చెప్పుల స్టాండుకూ, తాళం వేసిన మరుగుదొడ్డికీ మధ్య ఉన్న చోటు. భర్త ఇబ్బంది పడి, "కాసేపు ఓర్చుకోలేవా?" అన్నాడు. "నేను ఓర్చుకుంటా. దాన్ని ఓర్చుకోమని నువ్వు చెప్పు" అంది ఆమె. అత్తగారు ఒక్క మాట మాట్లాడకుండా తన చీరకొంగు విప్పి అడ్డం పట్టుకుని నిలబడ్డారు. లోపల అభిషేకానికి బిందెలతో పాలు వెళ్తూనే ఉన్నాయి.

పాలివ్వడం మైల ఎప్పుడైంది? మన ఆలయాల చరిత్రలో దీనికి ఆధారం వెతికితే ఎదురు ఆధారాలే దొరుకుతాయి. చేబ్రోలునే తీసుకోండి. అక్కడ దొరికిన శాతవాహన రాజు విజయుని శాసనాన్ని భారత పురావస్తు శాఖ 2019 డిసెంబరులో వెల్లడించింది. అది క్రీస్తుశకం 207 నాటిది. దక్షిణ భారతంలో ఇంతవరకు దొరికిన సంస్కృత శాసనాల్లో మొదటిదని, సప్తమాతృకల ఆరాధనకు మొదటి శాసనాధారమని చెప్పారు. తాంబ్రాపె అనే ఆనాటి చేబ్రోలులో మాతృదేవత గుడికి ప్రాసాదం, మండపం కట్టించిన సంగతి అందులో ఉంది. బిడ్డల్ని కాపాడమనీ, బిడ్డల జోలికి రావద్దనీ మొక్కుకున్న దేవతలు మాతృకలు. పద్దెనిమిది వందల ఏళ్ళనాడు తల్లుల పేర మండపం కట్టిన ఊరి దారిలో, ఈనాడు ఒక తల్లి మండపంలో కూర్చోడానికి వీల్లేదు.

కోటప్పకొండ కథ ఇంకా సూటిగా ఉంటుంది. ఆనందవల్లి అనే గొల్లభామ రోజూ కొండెక్కి శివుణ్ణి సేవించేది. కడుపుతో ఉన్నా మానలేదు, బిడ్డ పుట్టాక బిడ్డతోనూ మానలేదు. ఆమె పట్టుదలకు దేవుడే కొండ దిగి వెంట వస్తానన్నాడట, వెనక్కి తిరిగి చూడొద్దన్నాడట. ఆమె చూసింది, ఆయన అక్కడే ఆగిపోయాడు. ఇప్పటికీ త్రికోటేశ్వరుని కంటే ముందు గొల్లభామను దర్శించుకోవడం ఆనవాయితీ. నిండు గర్భిణి, తర్వాత చంటిబిడ్డ తల్లి అయిన ఒక శ్రామిక స్త్రీ కొండెక్కడమే ఆ క్షేత్రానికి మూలకథ. మన ఆలయాల నిర్వాహకులు తమ స్థలపురాణాలు తాము చదువుకున్నా కొంత మేలు జరిగేది.

చరిత్ర అంటే అంతా ఇలా మెచ్చుకోదగ్గదే అని కాదు. చేబ్రోలులో కోనేటి మధ్య ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడిని కట్టించింది వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందుకు పిలిచి తలలు నరికించాడనీ, ఆ పశ్చాత్తాపంతోనే గుళ్ళు కట్టించాడనీ జనశ్రుతి. గుడి అందంగా ఉంటుంది, తప్పక చూడాలి. దొంగలని పేరు పెట్టిన జాతి మనుషులకు ఏం జరిగిందో ఆ గుడి దగ్గరే చెప్పుకోవాలి కూడా. నేను చెప్పినప్పుడు కోనేటి గట్టున కూర్చున్న కోడలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది బోర్డు మీద రాయొచ్చుగా" అంది.

చట్టం సంగతి చూద్దాం. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే తల్లులకు గదులు, పిల్లల సంరక్షణకు చోటు ఉండాలన్న పిటిషన్‌పై 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తల్లిపాలు బిడ్డ జీవించే హక్కులో భాగమనీ, తల్లికి ఆ వీలు కల్పించడం రాజ్యం బాధ్యతనీ అంది. ఉన్న భవనాల్లో వీలైనంతవరకు, కొత్తగా కట్టేవాటిలో ముందునుంచే చోటు కేటాయించమంది. తిరుమలలో ఏడాదిలోపు బిడ్డల తల్లిదండ్రులకు వేరే దారి ఉంది. అంటే ఇది సాధ్యమేనని దేవస్థానాలకూ తెలుసు. పెద్ద గుడికి ఉన్న జ్ఞానం చిన్న గుడికి ఎందుకు లేదంటే ఆదాయం లేదంటారు. ఒక గదికి, ఒక తడికకు, ఒక బల్లకు, ఒక నీళ్ళ కుళాయికి ఎంత ఆదాయం కావాలి? పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో కొత్త గోడలు కట్టకూడదన్నది సరైన నియమమే. ప్రాకారం బయట కట్టవచ్చు. లోపల కూర్చున్న తల్లిని లేపొద్దని చెప్పడానికైతే ఏ గోడా అక్కర్లేదు.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. గది కట్టి, పాలిచ్చే తల్లులంతా ఇక అందులోకే వెళ్ళాలని నియమం పెడితే మనం అడిగినదానికి విరుద్ధమైనది వచ్చినట్టు. కావాలనుకున్నవాళ్ళకు చాటు ఉండాలి. అక్కర్లేదనుకున్నవాళ్ళు స్తంభం పక్కనే కూర్చునే వీలూ ఉండాలి. అలాగే గది గుమ్మం మీద తల్లి బొమ్మ ఒక్కటే వేస్తే గుడ్డలు మార్చే పని శాశ్వతంగా ఆమెదే అవుతుంది. ఆ బల్ల తండ్రి కూడా వాడుకునే చోట ఉండాలి.

స్టూవర్టుపురం స్త్రీకి ఇవన్నీ ఉన్నా రెండో తాళం సంగతి మిగిలే ఉంటుంది. 2024 అక్టోబరు 3న జైళ్ళలో కులవివక్ష కేసులో సుప్రీంకోర్టు, విముక్త జాతుల వారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడడం చెల్లదంది, పోలీసులు వాళ్ళను ఇష్టం వచ్చినట్టు పట్టుకోరాదంది. ఈ తీర్పు జైలు గోడల దగ్గర ఆగిపోకూడదు. జాతరల్లో, కార్తీక మాసపు రద్దీలో, మైకుల్లో దొంగల గురించి హెచ్చరించేటప్పుడు కులాల పేర్లూ ఊళ్ళ పేర్లూ ఎత్తకూడదని దేవాదాయ, పోలీసు శాఖలు రాతపూర్వకంగా చెప్పాలి.

బాపట్ల, పొన్నూరు, చేబ్రోలు, చందవోలు, కోటప్పకొండ. ఈ అయిదు చోట్లా మన సభ్యులున్నారు, లేదా సభ్యుల చుట్టాలున్నారు. మహాశివరాత్రికి ముందే ఒక్కొక్క గుడికీ ఇద్దరు ముగ్గురు వెళ్ళి, వీలైతే చంటిబిడ్డతో వెళ్ళి, ఏముందో ఏం లేదో రాసుకు రావాలి. మరుగుదొడ్డి ఉందా, దానికి తాళం ఉందా, తాళంచెవి ఎవరి దగ్గర ఉంది, నీళ్ళున్నాయా, నీడ ఉందా, పాలిస్తుంటే ఎవరైనా ఏమన్నారా. స్టూవర్టుపురం నుంచి వచ్చే స్త్రీలు ఈ బృందాల్లో ఉండాలి. అక్కడి వివరాలు వాళ్ళే రాయాలి, వాళ్ళ గురించి మనం రాయడం కాదు. తర్వాత ఆలయ కార్యనిర్వహణాధికారులకు సుప్రీంకోర్టు తీర్పు నకలు జతచేసి అర్జీ ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఒక నకలు బాపట్ల కలెక్టరుకు, ఇంకొకటి జిల్లా మహిళా శిశు సంక్షేమ అధికారికి పంపాలి.